తూర్పు ఆలోచన, పడమటి ఆలోచన: ఎవరిని అడిగి తేల్చారు?

(తిరుపతిలోని ఒక గ్రంథాలయ హాలులో మనస్తత్వ శాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కింద కూర్చోండి, పరవాలేదు. ఫ్యాను చప్పుడుకు నా మాట వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గొంతు పెంచుతాను.

పడమటి దేశాల వాళ్ళు దేన్నయినా విడదీసి చూస్తారు, మనం అన్నీ కలిపి చూస్తాం. వాళ్ళది తర్కం, మనది అనుభూతి. వాళ్ళు ‘నేను’ అంటారు, మనం ‘మనం’ అంటాం. ఈ మాటలు విననివాళ్ళు ఈ హాలులో ఎవరైనా ఉన్నారా? ఉండరు. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో చెబుతారు, ఉద్యోగ శిక్షణలో చెబుతారు, ఆధ్యాత్మిక ఉపన్యాసాల్లో అయితే చెప్పనే అక్కరలేదు. ఒకప్పుడు ఇది ఒక అభిప్రాయంగా ఉండేది. ఇప్పుడు దాని ముందు ‘పరిశోధనల్లో తేలింది’ అనే మాట వచ్చి చేరింది. నా పేచీ ఆ మాటతోనే. ఏ పరిశోధనలో? ఎవరిని అడిగారు? ఏమి అడిగారు? ఎంత తేడా కనబడింది? ఈ నాలుగు ప్రశ్నలూ వేయకుండా మనం ఆ మాటను మోసుకు తిరుగుతున్నాం.

ముందు ఆ పరిశోధన ఏమిటో చెప్పాలి. చెప్పకుండా విమర్శించడం న్యాయం కాదు.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రంగంలో అందరికంటే పేరున్నవాడు. 2001లో ఆయన, తకహికో మసుదా కలిసి ఒక ప్రయోగం ఫలితాలు అచ్చువేశారు. కంప్యూటర్ తెర మీద నీళ్ళ అడుగున ఉండే దృశ్యం. ముందు భాగంలో పెద్ద చేపలు, మంచి రంగు, చురుకైన కదలిక. వెనక నాచు, రాళ్ళు, బుడగలు, చిన్న ప్రాణులు. కాసేపు చూపించి, ఏమి చూశారో చెప్పమన్నారు. ఒకవైపు మిషిగన్ విద్యార్థులు, ఇంకొకవైపు జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం విద్యార్థులు. అమెరికా పిల్లలు ఎక్కువగా పెద్ద చేపతో మొదలుపెట్టారు. జపాన్ పిల్లలు ఎక్కువగా చుట్టూ ఉన్నదానితో మొదలుపెట్టారు, అది చెరువులా ఉంది, నీళ్ళు పచ్చగా ఉన్నాయి అన్నట్టుగా. వెనక ఉన్నవాటిని జపాన్ పిల్లలు 60 శాతానికి పైగా ఎక్కువ సార్లు ప్రస్తావించారు.

మంచి ప్రయోగం. నేను తక్కువ చేయడం లేదు. తేడా వచ్చింది, నిజమే. అయితే ఈ కథ మన దాకా వచ్చేసరికి ఒక ముక్క జారిపోయింది. పెద్ద చేప గురించి ఎవరు ఎక్కువ మాట్లాడారు? ఇద్దరూ దాదాపు సమానంగానే మాట్లాడారు! జపాన్ పిల్లలు చేపను చూడకుండా పోలేదు. చేపనూ చూశారు, చుట్టూ ఉన్నదాన్నీ చెప్పారు. మరి శిక్షణ తరగతుల్లో ఏమని చెబుతున్నారు? తూర్పువాళ్ళకు వస్తువు కనబడదు, పరిసరమే కనబడుతుంది అని. ప్రయోగం చెప్పింది ఒకటి, మనం విన్నది ఇంకొకటి.

2005లో నిస్బెట్ బృందమే కంటి చూపు ఎటు పోతుందో యంత్రంతో కొలిచింది. అమెరికా విద్యార్థుల చూపు ముందున్న వస్తువు మీద ఎక్కువసేపు నిలిచిందనీ, చైనా విద్యార్థుల చూపు వెనకకు ఎక్కువగా పోయిందనీ రాశారు. 2009లో వేరే బృందం అదే మళ్ళీ కొలిచి చూస్తే ఆ తేడా కనబడలేదు. మొదటిది మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. రెండోది చెప్పారా?

సరే, ఇప్పుడు మీతోనే ఒక చిన్న పరీక్ష. మూడు మాటలు చెబుతాను. రైలు, బస్సు, పట్టాలు. వీటిలో ఏ రెండు ఒక జత? రైలు, బస్సు అనేవాళ్ళు చెయ్యి ఎత్తండి... బాగానే ఉన్నారు. రైలు, పట్టాలు అనేవాళ్ళు? వీళ్ళూ బాగానే ఉన్నారు. చుట్టూ ఒకసారి చూసుకోండి. రైలు, బస్సు అంటే ఒకే తరగతికి చెందినవని లెక్క, అది ‘పడమటి’ జవాబు. రైలు, పట్టాలు అంటే ఒకదానితో ఒకటికి సంబంధమని లెక్క, అది ‘తూర్పు’ జవాబు. మీరందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కదా? ఈ హాలు మధ్యలో తూర్పుకూ పడమరకూ సరిహద్దు ఎక్కడ గీయమంటారు?

ముందు వరుసలో పెద్దాయన చెయ్యి ఎత్తలేదు. ఏమయ్యా, మీ జవాబు ఏమిటి? గట్టిగా చెప్పండి... విన్నారా? ‘ఎందుకు జత కలపాలో చెబితే కదమ్మా కలిపేది’ అంటున్నారు. అయ్యా, మీది ఏ ఊరు? పాకాల దగ్గరా. వ్యవసాయమా? మంచిది. మీరు అడిగిన ప్రశ్న చాలా గట్టిది, ఈ రంగంలో ఎందరో వేయవలసినంత గట్టిది. దాని గురించే ఇప్పుడు చెబుతాను.

1931, 1932 సంవత్సరాల్లో అలెగ్జాండర్ లూరియా అనే రష్యా శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్ళాడు. చదువు లేని రైతులకు నాలుగు బొమ్మలు చూపించాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ. వీటిలో చేరనిది ఏది అని అడిగాడు. బడిలో చదివినవాళ్ళం మనమేమంటాం? దుంగ అంటాం. మిగిలిన మూడూ పనిముట్లు కదా. ఆ రైతులు ఒప్పుకోలేదు. రంపం దుంగను కోస్తుంది, గొడ్డలి చీలుస్తుంది, దుంగే లేకపోతే ఇవన్నీ ఎందుకు అన్నారు. వేరే ఒకాయన దుంగను తీసేశాడు కదా అని లూరియా మనిషి కదిలించి చూస్తే, ఆయన ఇంట్లో కట్టెలకు కొదువ లేదేమో అన్నట్టు జవాబిచ్చాడు ఒక రైతు. ఇంకొక ప్రశ్న: దూరాన ఉత్తర దేశంలో మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి, ఫలానా చోటు ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగుబంటి ఏ రంగు? అక్కడికి నేను పోలేదు, చూడనిది ఎలా చెబుతాను అన్నారు.

వీళ్ళకు తర్కం లేదనాలా? చూడనిదాని గురించి సాక్ష్యం చెప్పను అనడం తర్కం లేకపోవడమా? ఇక అసలు సంగతి వినండి. అదే ప్రాంతంలో, అదే భాష మాట్లాడేవాళ్ళలో, కొద్దిపాటి చదువు అందినవాళ్ళు, సమష్టి వ్యవసాయ క్షేత్రాల నిర్వహణలో పనిచేసినవాళ్ళు మన బడి పిల్లల్లాగే మూడు పనిముట్లను ఒక తరగతిగా విడదీశారు. ఊరు మారలేదు, భాష మారలేదు, తాతముత్తాతలు మారలేదు. మారింది బడి, పని. అటువంటప్పుడు ఆ తేడాకు ‘తూర్పు’ అని పేరు పెట్టడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ మన ఊళ్ళోనే ఉన్న ఒక శాస్త్రం నుంచి సాయం తీసుకుంటాను. అన్నంభట్టు పేరు ఎంతమంది విన్నారు? పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. తర్కసంగ్రహం రాశాడు. న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్క విద్యలో, అడుగుపెట్టే విద్యార్థి సాధారణంగా దానితోనే మొదలుపెడతాడు. ఈ ఊళ్ళో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలను అడగండి, నోటికి అప్పజెబుతారు. చాలా చిన్న పుస్తకం. అందులో హేతువు ఎక్కడ దెబ్బతింటుందో చెప్పే భాగం ఉంది. మీరు కాస్త ఓపికగా వినాలి, ఈ రోజు ప్రసంగానికి ఇది ప్రాణం.

కొండ మీద పొగ కనబడుతోంది, కనుక అక్కడ నిప్పు ఉంది. ఇది సరైన అనుమానం. అనుమానం అంటే ఇక్కడ సందేహం కాదు, కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చుకోవడం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నాం. నీటి మడుగులో నిప్పు లేదు, పొగా లేదు. ఇప్పుడు దీన్ని తిరగేయండి. కొండ మీద నిప్పు ఉంది, కనుక పొగ ఉంది. ఇది నిలుస్తుందా? ఆలోచించండి. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్ద ఉంది. అందులో నిప్పు ఉంది, పొగ ఉందా? లేదు. పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టెను న్యాయశాస్త్రంలో ‘ఉపాధి’ అంటారు. ఉద్యోగం అనే అర్థంలో మనం ఇప్పుడు వాడే ఉపాధి కాదు, ఇది శాస్త్రంలోని మాట. కనబడే కారణం పక్కన దాక్కుని, అసలు పని చేసేది అన్నమాట. నిప్పును చూసి పొగ ఉందని తీర్పు చెప్పేవాడిని తార్కికుడు అడిగే ప్రశ్న ఒక్కటే: తడి కట్టె సంగతి చూశావా?

ఈ పరిశోధనలను అదే అడుగుదాం. ఈయన తూర్పువాడు, కనుక అన్నీ కలిపి చూస్తాడు. అక్కడ తడి కట్టె ఏది?

2008లో టర్కీలో నల్ల సముద్రం ఒడ్డున ఒక అధ్యయనం జరిగింది. అందులో నిస్బెట్ కూడా ఉన్నాడు. ఒకే ప్రాంతం, ఒకే భాష. రైతులు, జాలరులు, పశువుల కాపరులు. రైతులూ జాలరులూ ఎక్కువగా కలిపి చూశారు, కాపరులు ఎక్కువగా విడదీసి చూశారు. కాపరికి తన మంద మీద తన నిర్ణయం, రైతుకూ జాలరికీ నలుగురి సాయం కావాలి. అంటే తేడా పక్కపక్క ఊళ్ళ మధ్యే ఉంది. ఇటలీలో, 2007లో ఇంకొక అధ్యయనం. ఇటలీ ఏ దిక్కున ఉంది? పడమటే కదా. అక్కడ ఉత్తరాదివాళ్ళకంటే దక్షిణాదివాళ్ళు, ఆ దక్షిణాదిలోనే మధ్యతరగతివాళ్ళకంటే శ్రామికులు ఎక్కువగా కలిపి చూశారు. పడమటి దేశం లోపలే ఒక ‘తూర్పు’ బయటపడింది.

ఇక చైనా. 2014లో థామస్ టాల్‌హెల్మ్ అనే ఆయన, సహ పరిశోధకులు చైనాలోని ఆరు చోట్ల 1162 మంది విద్యార్థులకు రైలు, బస్సు, పట్టాల వంటి పరీక్షే పెట్టారు. అందరూ హాన్ చైనీయులే. గోధుమ పండే ఉత్తరాదివాళ్ళు ఎక్కువగా తరగతుల ప్రకారం జత కలిపారు, వరి పండే దక్షిణాదివాళ్ళు సంబంధం ప్రకారం కలిపారు. వరికి నీళ్ళు పంచుకోవాలి, నాట్లకు ఒకరి పొలానికి ఒకరు వెళ్ళాలి, అందువల్ల అని ఆయన వాదం. దాని మీద గట్టి విమర్శలూ వచ్చాయి. అయితే ఆయన ఊరుకోలేదు. నింగ్‌షియా ప్రాంతంలో రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలున్నాయి. అక్కడి జనానికి వరి క్షేత్రమో గోధుమ క్షేత్రమో ప్రభుత్వమే కేటాయించింది, వాళ్ళు ఎంచుకున్నది కాదు. అక్కడా వరి పండించేవాళ్ళలోనే కలిపి చూసే ధోరణి ఎక్కువ కనబడిందని 2024లో అచ్చువేశారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. తడి కట్టె కోసం వెతకడం అంటే ఇదే. ఆయన సిద్ధాంతం చివరికి నిలవవచ్చు, నిలవకపోవచ్చు. కానీ ‘చైనావాళ్ళు కనుక’ అని చేతులు దులుపుకోలేదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి చూడండి. చెరువు కింద వరి పండించేవాళ్ళు ఉన్నారు. చెరువు నీళ్ళు వంతుల ప్రకారం వదలాలి, ఒకడు మడవ తెంచుకుంటే ఊరంతా తగాదా. పక్కనే మెట్ట మీద వాన కోసం చూస్తూ వేరుశనగ వేసేవాళ్ళు ఉన్నారు. మదనపల్లె వైపు టమాటా వేసి, తెల్లవారుజామునే మార్కెట్టుకు తోలి, ఆ రోజు ధర ఎంత పలుకుతుందో తెలియక ఒంటరిగా నిలబడే రైతు ఉన్నాడు. రాగి సంగటి తిని పెరిగినవాళ్ళు, మామిడి తోటల వాళ్ళు, చెరకు వాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు. ఇంట్లో తమిళం, బజారులో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే కుటుంబాలు. వీళ్ళందరికీ ఒకే ఆలోచనా తీరు ఉందని చెప్పడానికి, కనీసం వీళ్ళను ఎవరైనా అడిగి ఉండాలి కదా?

అడగలేదు. ఈ రంగంలో ‘తూర్పు’ అంటే చాలావరకు క్యోటో, బీజింగ్, సియోల్ వంటి నగరాల్లో చదువుకునే విశ్వవిద్యాలయం విద్యార్థులు. ‘పడమర’ అంటే చాలావరకు అమెరికా విద్యార్థులు. ఇదీ ఆ రెండు అర్ధగోళాల కథ! 2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఆరు పెద్ద మనస్తత్వ శాస్త్ర పత్రికలను లెక్క తీశాడు. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళు. ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో 12 శాతం. నిస్బెట్ వంటివాళ్ళు కనీసం అమెరికా దాటి చూశారు, ఆ గౌరవం వాళ్ళకు ఇవ్వాలి. కానీ ఆ కొద్దిమందిని చూసి కోట్ల మందికి పేరు పెడితే ఒప్పుకోలేం.

మన దేశంలో అసలు ఎవరూ చేయలేదా అంటే, చేశారు. 1984లో జోన్ మిల్లర్ అనే ఆమె మైసూరులో చేసిన పని నాకు చాలా ఇష్టం. పలమనేరు, కుప్పం వాళ్ళకు మైసూరు ఏమంత దూరం? ఆమె మైసూరులో హిందువులనూ, చికాగోలో అమెరికన్లనూ అడిగింది: మీకు తెలిసిన ఒకరు చేసిన మంచి పని చెప్పండి, చెడ్డ పని చెప్పండి, ఎందుకు చేశారో చెప్పండి. అమెరికా పెద్దవాళ్ళు ఎక్కువగా మనిషి గుణం చెప్పారు, వాడు స్వార్థపరుడు, అందుకని. మైసూరు పెద్దవాళ్ళు ఎక్కువగా పరిస్థితి చెప్పారు, అప్పుడు అలా జరిగింది, ఆయన బంధువు, ఉద్యోగం లేదు. ఇంతవరకే ఉటంకిస్తారు. కానీ ఆమె పిల్లలనూ అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్లల్లో అక్కడా ఇక్కడా పెద్ద తేడా లేదు! వయసు పెరిగే కొద్దీ దూరం పెరిగింది. ఇంకొకటి, మైసూరులోనే ఉన్న ఆంగ్లో ఇండియన్లను అడిగితే వాళ్ళ జవాబులు మధ్యలో పడ్డాయి. అంటే పుట్టుకతో వచ్చే మెదడు సంగతి కాదిది. ఇంట్లో, వీధిలో, బడిలో ఎలా మాట్లాడుకుంటారో విని నేర్చుకున్న తీరు. నేర్చుకున్నదాన్ని స్వభావం అని పిలవడం ఎందుకు?

ప్రశ్నావళుల గురించి కూడా ఒక మాట. ‘నలుగురితో కలిసి పనిచేయడం నాకు ఇష్టం’ అని రాసి, ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయమంటారు. మీరు ఎవరితో పోల్చుకుని అంకె వేస్తారు? మీ అన్నదమ్ములతో, మీ వీధివాళ్ళతో. అమెరికాలో ఉన్నవాడు తన వీధివాళ్ళతో పోల్చుకుంటాడు. ఇద్దరూ మూడు వేస్తే ఇద్దరూ ఒకటేనా? ఇద్దరి కొలబద్దలే వేరు. ఈ చిక్కును స్టీవెన్ హైన్ బృందం 2002లో ఎత్తిచూపింది. జపాన్ శాస్త్రవేత్తలే, తకానో, ఒసాకా అనేవారు, జపాన్‌నూ అమెరికానూ పోల్చిన 15 అధ్యయనాలను 1999లో ముందు వేసుకుని చూశారు. జపాన్‌వాళ్ళు సమూహానికి కట్టుబడేవాళ్ళు, అమెరికావాళ్ళు వ్యక్తివాదులు అనే మాటను 14 అధ్యయనాలు బలపరచలేదని తేల్చారు. డాఫ్నా ఓయ్సర్‌మన్ బృందం 2002లో ఇంకా పెద్ద ఎత్తున లెక్క తీసినా, సమష్టి భావంలో అమెరికన్లు జపాన్, కొరియా వాళ్ళకు తీసిపోలేదు. మరి ఇంతకాలం ఆ మాట ఎందుకు నిలిచింది? వినడానికి అందంగా ఉంది కనుక. వాళ్ళకూ నచ్చింది, మనకూ నచ్చింది. తర్కం మాది అని వాళ్ళు సంతోషించారు, ఆత్మ మాది అని మనం సంతోషించాం.

నాకు బాధ కలిగేది ఇక్కడే. ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చదివే అమ్మాయి నా దగ్గరకు వచ్చి చెప్పింది. ఉద్యోగ శిక్షణకు వచ్చిన ఒకాయన, భారతీయుల మెదడు మొత్తాన్ని చూస్తుంది, వివరాల్లో బలహీనం, ప్రశ్నించే అలవాటు మన సంస్కృతిలో లేదు అని తెర మీద బొమ్మలు వేసి చెప్పాడట. ఆ అమ్మాయి గణితంలో ఎంతో చురుకైనది. ‘మేడం, నేను లెక్కలో తప్పు పట్టుకోవడం నా స్వభావానికి విరుద్ధమా?’ అని అడిగింది. చెప్పండి, ఆ పిల్లకు ఏం జవాబు చెప్పాలి? పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పకూడదని నియమం పెట్టుకున్న శాస్త్రాలు మనవి. అవతలివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత ఖండించాలి. అన్నంభట్టు పుట్టిన తెలుగు నేల మీద నిలబడి, ఈ ఊళ్ళోనే, ఒక ఆడపిల్లకు ప్రశ్నించడం మన సంస్కృతి కాదని చెప్పడానికి మనసెలా ఒప్పింది? పోనీ పడమటివాళ్ళందరూ విడదీసేవాళ్ళేనా? ఒకే నదిలో రెండుసార్లు దిగలేమన్న మాటకు పేరుపడ్డ హెరాక్లిటస్ ఎక్కడివాడు? వైరుధ్యాల మీదే తత్త్వం కట్టిన హెగెల్ ఎక్కడివాడు? ఒకరు గ్రీకు తత్త్వవేత్త, ఇంకొకరు జర్మన్ తత్త్వవేత్త.

ఇంత మాట్లాడి, తేడాలే లేవని చెప్పి పంపడం లేదు. ఉన్నాయి. మైసూరులో కనబడిన తేడా నిజమైనది. కాకపోతే ఆ తేడా ఎక్కడ మొదలవుతుంది, ఎవరి మధ్య ఉంది, దేనివల్ల వచ్చింది అని అడగాలి. సగటులో తేడా ఉన్నా, ఈ గుంపులో ఎంతో మంది ఆ గుంపులో ఎంతో మందిలాగే జవాబిస్తారు. ఇందాక మీరు ఎత్తిన చేతులే చెప్పాయి.

చీటీల్లో ఒక ప్రశ్న వచ్చింది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలో చేరబోతున్న అబ్బాయి రాశాడు: అయితే వాళ్ళ సంస్కృతి గురించి నేర్చుకోవద్దా? నేర్చుకో నాయనా, తప్పకుండా నేర్చుకో. ఎలా పలకరిస్తారు, సమావేశానికి ఎప్పుడు వస్తారు, అభ్యంతరం ఉంటే ఎలా చెబుతారు, ఇవన్నీ మర్యాదలు. తెలుసుకుంటే పని సుఖంగా సాగుతుంది. కానీ నీ పై అధికారి ఏమి ఆలోచిస్తున్నాడో ముందే తెలుసని అనుకోకు. ఆయన్ని అడుగు. ఆయన కూడా నిన్ను అడగాలి.

ఇక మనం ఇక్కడ చేయగలిగిన పని ఒకటి ఉంది. పరిశోధన విద్యార్థులు కొందరు నాతో కలిసి బొమ్మల కార్డులు తయారు చేస్తున్నారు. చెరువు కింద ఊళ్ళకు, మెట్ట ఊళ్ళకు, తిరుపతి వీధులకు తీసుకువెళతాం. బడికి పోయినవాళ్ళను, పోనివాళ్ళను, పెద్దవాళ్ళను, పిల్లలను అడుగుతాం. సాయం చేయదలచినవాళ్ళు గ్రంథాలయం బల్ల దగ్గర పేరు రాయించండి. ముందు మీ ఇంట్లో మీ అవ్వను, తాతను అడిగి రండి. ఏ రెండు జత అని మాత్రమే రాసుకుని రాకండి. ఎందుకు అని తప్పకుండా అడగండి. వాళ్ళు తిరిగి ప్రశ్న వేస్తే, ఈ పెద్దాయన వేసినట్టు, ఆ ప్రశ్న కూడా రాయండి. మీ మాటల్లోకి మార్చకుండా వాళ్ళు అన్నది అన్నట్టే రాయండి. వచ్చే నెల ఇక్కడే కూర్చుని అన్నీ చదువుదాం.